లీజు కాగితంలో నేను రాసిన బావి

1981లో నేను నంద్యాలలో, చమురు, గ్యాసు కోసం వెతికే ఒక కంపెనీలో ల్యాండ్ అసిస్టెంటుగా చేరాను. ఆఫీసు స్టేషన్ రోడ్డులో ఒక అద్దె మేడ. ఇంజనీర్లు మ్యాపు మీద చుక్క పెట్టిన చోట ఎవరి పొలం ఉందో కనుక్కుని, ఆ పొలాన్ని కంపెనీకి లీజుకు రాయించడం నా పని. లీజంటే కొనడం కాదు, కొన్నాళ్లు వాడుకుని తిరిగి ఇచ్చేయడం. ఆళ్లగడ్డ చుట్టుపక్కల నేను తిరగని చేను లేదు. రైతులు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, "ఈ రాళ్లల్లో కిరసనాయిలు యాడుంటాదప్పా? మీకేమన్నా పిచ్చా?" అని అడిగేవారు. వాళ్లు అన్నదే నిజమని తెలుసుకోవడానికి మా కంపెనీకి రెండేళ్లు పట్టింది.

లీజు ఫారం మద్రాసు హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని తెలుగు చేసే బాధ్యత నా మీద పడింది. పడిందంటే అబద్ధం, నేనే మీద వేసుకున్నాను. బి.ఏ.లో స్పెషల్ తెలుగు చదివిన పొగరు ఇంకా దిగలేదు. ఇంగ్లీషు ముక్క ఒక్కటి లేకుండా రాస్తానని మేనేజరు ముందు కోతలు కోశాను. ఫారంలో 'వెల్' అని ఉన్న ప్రతిచోటా 'బావి' అని రాశాను. "బావి పని ముగిసిన పిమ్మట సదరు భూమిని హక్కుదారునకు స్వాధీనపరచగలము" అనే వాక్యాన్ని పైకి చదువుకుని మురిసిపోయాను కూడా. చమురు వాళ్ల భాషలో వెల్ అంటే భూమిలోకి తొలిచే జానెడు వెడల్పు రంధ్రం. ఆళ్లగడ్డ రైతుకు బావి అంటే ఏమిటో నంద్యాలలో పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు తట్టలేదు, అంతే.

ఏసేపు ఆళ్లగడ్డ అవతల మూడెకరాల మెట్ట ఉన్న రైతు. యాభై దాటిన మనిషి. ఆదివారం ఊరి చర్చిలో గంట కొట్టేది ఆయనే. వాళ్ల నాయన ఆ చేన్లో బావి మొదలుపెట్టి, నాపరాయి తగిలి, నడుములోతులోనే వదిలేశాడు. ఏసేపు భార్య మరియమ్మ దూరంగా పారే వంక దాకా పోయి నీళ్లు మోసుకొచ్చేది. ఆ ఇద్దరికీ ఉన్న కోరిక ఒక్కటే. చేన్లో బావి పడాలి, దాని కింద చీనీ తోట వేయాలి. మా వైపు బత్తాయిని చీనీ అంటాం.

నేను ఫారం చదువుతుంటే ఏసేపు మధ్యలో ఆపాడు.

"బావి అనే రాసినారా?"

"అవును పెద్దాయనా, బావే."

"ఇంగోసారి సదువప్పా."

చదివాను. నా తెలుగు నచ్చిందనుకున్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం చేశాడు.

రిగ్గు వచ్చింది. రిగ్గంటే భూమిని తొలిచే పెద్ద యంత్రం. అక్కడి రాయి దానికి చుక్కలు చూపించింది. పైన సున్నపురాయి, దాని నిండా పగుళ్లు. తొలిచేటప్పుడు రంధ్రంలోకి పంపే పలచటి బురదను మడ్ అంటారు. అది తిరిగి పైకి రావాలి. ఇక్కడ పోసింది పోసినట్టే పగుళ్లలోకి మాయమయ్యేది. కష్టపడి దాన్ని దాటితే కింద పలుగురాయి. బిట్లు, అంటే రాయిని కొరికే ఇనుప పళ్లు, రెండు రోజులకే అరిగి బయటికొచ్చేవి. డ్రిల్లింగ్ ఇంజనీరు రంగనాథన్ గారు తంజావూరు మనిషి. "ఇది ఫార్మేషన్ కాదయ్యా, నా పూర్వజన్మ పాపం" అని తల పట్టుకునేవారు. ఫార్మేషన్ అంటే లోపలి రాతి పొరల అమరిక.

ఏసేపు చేన్లో చమురు వాసనైనా తగల్లేదు. అయితే మడ్ మాయమైన పగులులో మంచినీళ్లు పడ్డాయి. ఆ కబురు మరియమ్మకు పరిగెత్తుకుంటూ పోయి చెప్పింది నేనే. ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుని "దేవునికి స్తోత్రం" అంది. వారం తిరక్కుండా చీనీ మొక్కలు తెప్పించి, పాత నూనె డబ్బాల్లో పెట్టి, వంక నీళ్లతోనే పెంచడం మొదలుపెట్టింది.

1983లో మా కంపెనీ చేతులెత్తేసింది. ఇంకా తొలవని చోట్ల లీజులన్నీ మరో కంపెనీకి అమ్మేయడానికి మాట్లాడుకుంది. కొనేవాళ్లు షరతు పెట్టారు. తొలిచి వదిలేసిన రంధ్రాలన్నీ ప్లగ్ చేయాలి, అంటే సిమెంటు పోసి మూసేయాలి. ఆ పొలాలు రైతులకు తిరిగి ఇచ్చి, ఏ తగాదా లేదని సంతకాలు తేవాలి.

ఆ కాగితం పట్టుకుని ఏసేపు ఇంటికి పోయాను. "మీ పొలం మీకు ఇచ్చేస్తున్నాం పెద్దాయనా" అన్నాను.

"బావి యాడ?" అన్నాడు.

"ఏ బావి?"

ఆయన లోపలికి పోయి బైబిల్లో దాచిన లీజు కాగితం తెచ్చాడు. నా వాక్యం మీద వేలు పెట్టాడు. "బావి పని అయినంక భూమి మాకిస్తామని నువ్వే రాసినావు గదప్పా. ఆ మాట సూసే గదా సంతకం చేస్తి. లేకుంటే మా చేన్లో ఈ ఇనుప సామాన్లు ఎందుకు పెట్టనిస్తా?"

నంద్యాల బస్సెక్కి నేరుగా రంగనాథన్ గారి దగ్గరికి పోయాను. ఆయన విని, "దారి ఉంది" అన్నారు. "కింది భాగం మూసి, నీళ్లున్న పై భాగం వదిలేద్దాం. రంధ్రంలో దించిన గొట్టం అలాగే ఉంచి రైతుకిచ్చేద్దాం. ఒక్క రోజు పని. అగ్రిమెంటులో బావి ఇస్తామని ఉందని హెడ్డాఫీసుకు రాయి. అమ్మకం ముందు తగాదా వాళ్లకూ అక్కర్లేదు, ఒప్పుకుంటారు."

అలా రాయాలంటే నా తర్జుమా తప్పని కూడా రాయాలి. కొత్త కంపెనీలోకి ఎవరెవరిని తీసుకోవాలో జాబితా తయారవుతున్న రోజులవి. నాకు భయమేసింది. "నీరు ఉన్నందున రంధ్రమును వదలవలసినదిగా రైతు అభ్యర్థించుచున్నాడు" అని ఉత్తరం రాశాను. అగ్రిమెంటు ఊసు ఎత్తలేదు. అభ్యర్థన అంగీకరించలేమని, ప్లగ్ చేయమని టెలిగ్రాం వచ్చింది. రంగనాథన్ గారు అది చదివి నా వైపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏసేపుకు చెప్పాను. "సంతకం చెయ్యకుంటే బావి ఇస్తారా?" అన్నాడు. ఇవ్వరన్నాను. "అయితే తే" అని చెయ్యి చాపాడు.

మూసే రోజు ఉదయం మరియమ్మ వచ్చి నిలబడింది. "మూసేలోపల ఆ నీళ్లు ఒక్కసారి సూపియ్యి నాయనా" అంది. బెయిలర్ అనే సన్నటి పొడవాటి చేద దింపించాను. రెండుసార్లు బురద వచ్చింది. మూడోసారి తేట నీళ్లు. ఆమె దోసిలి పట్టి తాగి, మొగుడికి పట్టింది.

"తియ్యగుండాయి" అంది.

ఏసేపు తల ఊపాడు. మా వాళ్లు సిమెంటు బస్తాలు విప్పారు.

జాబితాలో నా పేరు వచ్చింది. ఆ జీతంతోనే బతికాను. ఆళ్లగడ్డ మీదుగా బస్సు పోయినప్పుడల్లా ఏసేపు ఇల్లు కనబడేదాకా మెడ తిప్పుకుని చూసేవాణ్ణి. కనబడగానే తల దించుకునేవాణ్ణి. దిగాలని ప్రతిసారీ ఉండేది. 1987లో ఒకరోజు దిగాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను.

"ఏందప్పా నువ్వు చెప్తాండేది?" అన్నాడు ఏసేపు. "ఆ మాట రాసింటే బావి వచ్చుండేదా?"

"వచ్చేది."

వంక నుంచి బిందెతో వచ్చిన మరియమ్మ గుమ్మంలోనే ఆగి అంతా విన్నది. "మా మామ రాయి తగిలి వదిలేసినప్పుడు, ఈడ నీళ్లు లేవులే అనుకుని ఊరుకుంటిమి" అంది. "ఇప్పుడు చేన్లో నడస్తాంటే కాళ్లకిందనే ఉండాయని తెలుసు. తాగి సూసినాం గదా. ఎట్ల మర్సిపోతాం నాయనా?"

మరుసటి ఏడు నేనే ఒక బోరు బండి పంపాను. పాత చోటికి నాలుగు బారల దూరంలో వేశారు. రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఆ పగులు ఎటు తిరిగిపోయిందో ఎవరికీ తెలియదు.

ఆ తరువాత కూడా చాలా ఏళ్లు లీజుల పనిలోనే ఉన్నాను. సంతకం తీసుకునే ముందు, "ఇందులో ఏముందో మీ మాటల్లో నాకు చెప్పండి" అని ప్రతి రైతునూ అడిగేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకు ఇది మంచి పద్ధతని నేర్పాను. నాకెవరు నేర్పారో వాళ్లకు చెప్పలేదు. చెబితే రెండో సంగతి కూడా చెప్పాలి. 'బావి' అని తెలియక రాశాను. 'అభ్యర్థన' అని తెలిసే రాశాను.