లష్కరన్న రాసిన భేదం

పోలికలు, భేదాలు రాయమనే ప్రశ్న చూసి బెదిరే పిల్లలు ఇంకా ఉన్నారు కనుక మా లష్కరన్న సంగతి రాసిపెట్టాలి. డెబ్బయ్యో దశకంలో ఆయన లష్కరుగా నిజాంసాగర్ కాలువ తూములు తిప్పి పొలాలకు నీళ్లు వదిలేవాడు. పది పాసైతేనే నౌకరీ పర్మినెంటు. బాన్సువాడ గ్రంథాలయంలో గైడులన్నీ చదివానన్న గర్వంతో నేనే పాఠం చెప్పాను.

వరినీ జొన్ననూ పోల్చమంటే అన్న మూడు పేజీలు వరి గురించే రాసేవాడు. జొన్న దగ్గరికొచ్చేసరికి టైం అయిపోయేది. కాలువ మీదా అంతే. మొదటి పొలాలు నిండేవి, చివరనున్న మా మడి ఎండేది.

"అన్నా, వంతులేసి నీళ్లిడిచినట్టు రాయి. దీనికో మాట, దానికో మాట. ముందుగాల పోలికలు, ఎనుక భేదాలు."

"గట్ల చెప్పు మరి," అన్నాడు.

అన్న పాసయ్యాడు. మా మడి మాత్రం తడవలేదు. తూము దగ్గరికే వెళ్లి అడిగాను.

"పరీక్షల వంతులేసినవు గదా అన్నా, ఈడెందుకు ఏస్తలేవు?"

"పోలికలు రాసి ఊకుంటరా తమ్మి? భేదం గూడ రాయాలంటివి గద. పరీక్షకు, కాలువకు గిదే భేదం."

గైడులిచ్చిన గ్రంథాలయం రాజన్నకు, ఈ మాటలు గుర్తుచేసిన మా అవ్వ లచ్చవ్వకు, మొదటి పొలం సాయిలు పటేలుకు నా కృతజ్ఞతలు. తూము దగ్గరికి రోజూ చాయ పంపింది ఆ పటేలే.