ఎర్ర పీలికల దారిలో బంగారు గని

మొన్న పొద్దున మా చెల్లెలి కూతురు నా ఫోనుకు ఒక ప్రకటన పంపింది. ఎండ కొండల్లో నడక అట, కొత్తగా నడిచేవాళ్ళకు అట, మరుగున పడిన బంగారు గనుల జాడలు వెతుక్కుంటూ రోజంతా తిరుగుతారట. బూట్లు, టోపీ, మూడు లీటర్ల నీళ్ళు, ముఖానికి పూసుకునే క్రీము తెచ్చుకోవాలట. పెద్దమ్మా, నువ్వూ వస్తావా అని కింద ఒక ముక్క రాసింది, వేళాకోళానికే అనుకోండి. తిరుపతిలో మా మేడ మీద కాఫీ తాగుతూ అది చదివి ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. ఆ బడిలో నేను పదహారో ఏటనే చేరానని ఆ పిల్లకేం తెలుసు.

అప్పుడు మేం బంగారుపాళ్యంలో ఉండేవాళ్ళం. నాయన దర్జీ. బజారులో ఒక గుడ్డల కొట్టు వసారాలో మిషను పెట్టుకుని ఆరు రోజులు తల ఎత్తకుండా కుట్టేవాడు, ఆదివారం వచ్చిందంటే మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. పలమనేరు దాటి కర్ణాటక వైపు పోతే వచ్చే రాళ్ళగుట్టల్లో, ఏ రాజుల కాలంలోనో తవ్వి వదిలేసిన బంగారు గని ఒకటుందని వాళ్ళ తాత చెప్పాడట, ఏ గుట్టో చెప్పకుండానే కాలం చేశాడట. బంగారుపాళ్యంలో పుట్టినవాడికి బంగారం పిచ్చి కాక మరేం పడుతుందని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టిస్తే, నాయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆయనకు బంగారం మీద అంత ఆశ ఉండేదని నేననుకోను. ఆ గనిని ఒక్కసారి కళ్ళారా చూడాలి, తాత మాట నిజమని తేలాలి, అంతే.

దీపావళి వెళ్ళినప్పటి నుంచి శివరాత్రి దాకా మా కొండల కాలం. మొదటి బస్సుకు బయలుదేరాలి, నీళ్ళు సగమైతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, కన్ను పోని చోట చెయ్యి పెట్టకూడదు, బండ నీడన కూర్చోబోయే ముందు ఒక రాయి విసిరి చూడాలి, దాహం వేస్తే వెంటనే తాగకుండా చిన్న చింతపండు ఉండ బుగ్గన పెట్టుకోవాలి అని నాయన నాకు మొదటి రోజే పాఠం చెప్పాడు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆడపిల్లను అలా గుట్టల వెంట తిప్పితే నలుగురూ బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. నాకైతే ఆ ముళ్ళకంపలు, కాళ్ళ కింద జారే పలుగురాళ్ళు, బండ మీద విప్పుకుని తినే చింతపులుసన్నం, వీటి ముందు ఏ పండగా లెక్కలోకి వచ్చేది కాదు.

దారి తప్పకుండా నాయన ఒక ఉపాయం పెట్టాడు. జాకెట్లు కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డను పీలికలుగా కత్తిరించి తెచ్చి, కాస్త దూరానికి ఒకటి చొప్పున తుమ్మకొమ్మలకు కట్టుకుంటూ పోయేవాడు. ఎవరైనా మేకలవాళ్ళు ఎదురై ఏం పని అంటే, విరిగిన ఎముకకు కట్టు కట్టేందుకు నల్లేరు తీగ కోసుకుపోవడానికి వచ్చాం అనేవాడు. గని సంగతి బయటపడితే మనకంటే ముందు ఎవరైనా పోయి చూసేస్తారని ఆయన భయం.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఆరో ఏడు సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం రోజంతా ఎండలో తిరిగి నాయన సొమ్మసిల్లి పడిపోతే, నేనూ ఒక బస్సు డ్రైవరూ చెరో రెక్కా పట్టుకుని ఇంటికి చేర్చాల్సి వచ్చింది. అమ్మ ఆ రాత్రంతా ఆయన అరికాళ్ళకు ఉల్లిపాయ రుద్దుతూ కూర్చుంది, తెల్లవారాక నిమ్మళంగానే మాట తేల్చేసింది. "శివరాత్రి దాకా పో. దొరికితే సరే. దొరక్కపోతే ఇంక ఆ గని మాట ఈ ఇంట్లో ఎత్తగూడదు." నాయన సరే అన్నాడు. ఒకసారి సరే అన్నాడంటే ఆయన మాట తప్పడు, అందుకే మిగిలిన ఆదివారాలను నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

చివరి ఆదివారం వచ్చింది. కిందటి వారం కట్టిన పీలికల వెంబడే ఎక్కుతున్నాం. ఎంత నడిచినా పీలికలు కనిపిస్తూనే ఉన్నాయి, గుట్ట మాత్రం మాకు తెలిసిన గుట్టలా లేదు. నాయన ఒక పీలికను వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది మన కొట్టు గుడ్డ కాదన్నాడు. అది పాత చీర అంచు, చేత్తో చించింది, కత్తెర తగల్లేదు. నీళ్ళు సగానికి వచ్చాయి. పాఠం ప్రకారం తిరగాలి, తిరిగితే గని కథ ముగిసినట్టే. తిరుగుదాం అన్నాడు నాయన. అంతలో పైనుంచి మేకల మెడగంటలు వినిపించాయి.

మనుషులుంటే నీళ్ళూ ఉంటాయని పైకెక్కితే, మేకలు కాసే ఒక ముసలమ్మ పెద్ద బండకు పసుపు పూస్తూ ఉంది. కొమ్మలకు ఎర్రగుడ్డలు కనిపించేసరికి ఎవరో గంగమ్మకు ముడుపులు కట్టారనుకుని, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళంతా తమ ముడుపులూ కట్టుకుంటూ ఆ వరసను ఈ బండ దాకా తెచ్చేశారట. తన మనమరాలికి జ్వరం దిగిందని ఆమె మొక్కు తీర్చుకుంటోంది. నాయన ఆ పీలికలు తనవని చెప్పలేదు, చెప్పులు విడిచి ఆమెతోపాటు తనూ బండకు మొక్కాడు. ఆ పక్కన కంపల వెనక నల్లగా కనిపించేదేమిటని అప్పుడడిగాడు, ఆరేళ్ళలో మొదటిసారి.

"అది బంగారు గని గదప్పా, మా అవ్వ కాలం నుంచి ఉండాది. వానొస్తే మేకల్ని ఆడనే తోలుకుంటాం. నువ్వు నల్లేరు కోసం తిరుగుతా ఉన్నినావు గదా, ఎముక అతుక్కునిందా? గని కావల్లని ఒక మాట అడిగింటే నాడే సూపిచ్చింటా."

నాయన లోపలికి పోలేదు, పాడుబడ్డ గనిలో గాలి మంచిది కాదని. వాకిట్లో నిలబడి, గోడ మీద కుట్టు వేసినట్టు వరసగా ఉన్న ఉలి గాట్లను వేళ్ళతో తడిమి, తాతను తలుచుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకపోయినా ఆ ముసలమ్మా నవ్వింది. అంత సంతోషం ఆయన ముఖంలో నా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆ తరువాత మూడు ఆదివారాలు నాయన ఇంట్లోనే ఉన్నాడు. కత్తెరకు సాన పట్టాడు, మిషనుకు నూనె వేశాడు, మళ్ళీ వేశాడు, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. గని దొరికాక ఆయనకు వెతుక్కునేందుకేమీ మిగల్లేదు. నాలుగో ఆదివారం, కొండల కాలం దాటిపోయినా, చీకటితోనే అమ్మ చింతపులుసన్నం మూట కట్టి, తనూ చెప్పులేసుకుని వచ్చి నిలబడింది. "కుప్పం పక్క ఇంకొక గుట్ట ఉండాదంట, ఆడ గూడా గని ఉండాదని మా అవ్వ సెప్తా ఉన్నింది," అంది. అమ్మ వాళ్ళ అవ్వ తన మామిడితోట దాటి ఎరగదు. నాయనకూ ఆ సంగతి తెలుసు. ఆ గుట్టకు ఏ వాలున ఎక్కాలో చెప్పిందా మీ అవ్వ అని మాత్రం అడిగి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఇప్పుడైతే ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే, పక్కనున్నవాళ్ళు ఫోను తీసి, ఆ గుట్టలో ఏ గనీ లేదని నడక మొదలుపెట్టకముందే తేల్చేస్తారు. తప్పేమీ లేదు, ఎండా తగలదు, కాళ్ళూ నొప్పెట్టవు. మా అమ్మానాయనలు మాత్రం లేని ఆ గని కోసం ఏడేళ్ళు పక్కపక్కన నడిచారు.