స్ట్రైక్ అంటే నిమరడం

మా ఇంగ్లీషు సారు పోయారన్న మాట పాకాల స్టేషన్ బయట టీ అంగట్లో విన్నాను. "మళ్లా స్ట్రోక్ వచ్చిందంటప్పా, ఈసారి తట్టుకోలేకపాయె" అన్నాడు టీ కలిపే ఆయన. నేను సారుతో అన్న చివరి మాట "చావండి" అని.

ఇంటర్ తప్పి కరపత్రాలు పట్టుకుని తిరిగే నాకు డిక్షనరీ చూడటం నేర్పింది ఆయనే. "మాట యాడ పుట్టిందో తెలుసుకోకుండా అరవబాకురా" అనేవారు. ఏ కాగితమైనా ముందు అరచేత్తో నిమిరి, ఆ తర్వాతే చదివేవారు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్ల చేతులు సొనకు పుండ్లు పడతాయి. తొడుగులు ఇవ్వకపోతే సమ్మె అని కరపత్రం రాసి సారుకు చూపించాను. పైన 'స్ట్రైక్' అని పెద్దక్షరాలు.

"స్ట్రైక్ అంటే యేందిరా?"

"కొట్టడం సార్. పని ఆపడం."

"అవి నడమ వచ్చినవి. ఓడల్లో పనోళ్లు తెరచాపలు దించేసి మేం పోమన్నారంట, ఆడ్నించి పని ఆపడమాయె. మొదట్లో నిమరడంరా అబ్బా. మెల్లిగా చెయ్యి ఆనించి పోవడం. స్ట్రోకూ దాని తోడబుట్టిందే. నిమిరినా స్ట్రోకే, గీత గీసినా స్ట్రోకే. నువ్వు ఆ ఆడోళ్ల చేతులు సూసినావా? సమ్మె సేద్దామా అని వాళ్లను అడిగినావా?"

అడగలేదు. చదివినవాణ్ని, నాకే తెలుసనుకున్నాను. కాగితం ఉండచుట్టి ఆయన వాకిట్లో విసిరికొట్టి, "ఆ డిక్షనరీ కిందే పడి చావండి సార్" అని వచ్చేశాను.

సమ్మె మూడో రోజుకే విరిగింది. తొడుగులు రాలేదు. ముందు నిలబడిన ఆడవాళ్లను మళ్లీ గేటులోకి రానివ్వలేదు. ఇప్పుడు వాళ్లు ఎదురైతే నేను సందు మారిపోతాను. ఆ నెలలోనే సారుకు కుడి చెయ్యి పడిపోయిందని తెలిసింది. ఏ ముఖంతో పోవాలో తెలియక ఆ ఇంటికీ పోలేదు.

ఆయన పోయాక పోయాను. సారు భార్య డిక్షనరీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"లోపల కాగితం నీదేనంటప్పా. ఎడమచేత్తో దినామూ దాన్నే రుద్దుతా కూసోనుండె. ముడతలు పోలేదు."

'ఎస్' పేజీల మధ్య నా కరపత్రం ఉంది. దాని మీద 'స్ట్రైక్' దగ్గర పెన్సిల్ గీత ఒకటి, వణుకుతూ అక్షరాల కింద మొదలై వాటి మీదుగా పోయింది. ముఖ్యమని గీశారో, తప్పని కొట్టేశారో చెప్పేవాళ్లు ఇక లేరు.

అరచేత్తో నిమిరాను. చెయ్యి తీయగానే ముడతలు మళ్లీ లేచాయి.