ఆషాఢంలో పెళ్ళి, హజ్ సీజన్లో ఉద్యోగం

ఎనభైల్లో మా తమ్ముడి కూతురికి విమానంలో ఉద్యోగం వచ్చింది. బొంబాయిలో నర్సుగా చేసే మా చెల్లెలి దగ్గర ఉండి చదువుకోవడం వల్ల అమ్మాయికి హిందీ బాగా వచ్చు. హజ్ యాత్రికులను తీసుకెళ్ళే సీజనుకు ఎయిర్ హోస్టెసులు కావాలంటే అప్లికేషను పెట్టింది, తీసుకున్నారు.

అమలాపురం దగ్గర మా ఊళ్ళో వార్త పాకింది. వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగేవారు.

"పర్మనెంటేనాండీ?"

"ఆయ్, ఏడాదికి మూడు నెలలు పర్మనెంటండీ" అనేవాడు మా తమ్ముడు.

కంపెనీవారి కాగితం నేను చదివాను. సీజను ముగియగానే కంపెనీకీ అమ్మాయికీ సంబంధం ఉండదు. వచ్చే ఏడాది పిలవాలో వద్దో కంపెనీ ఇష్టం. పిలిస్తే మాత్రం వెళ్ళి తీరాలి, వెళ్ళకపోతే పేరు కొట్టేస్తారు. కట్టుకున్న చీరా, పెట్టుకున్న పేరు బిళ్ళా కూడా తిరిగిచ్చేయాలి. నేను లెక్కలు చూసే కొబ్బరికాయల కొట్టుకు చెట్టెక్కి దింపు తీసే మనిషికి ఏ కాగితమూ లేదు. కాయ ముదిరితే అతనికి పిలుపు తప్పదు. ఇంగ్లీషులో రాసిచ్చిన ఉద్యోగానికి ఆ భరోసా కూడా లేదు. అయినా ఆకాశంలో చేసే పని కదా, నేలమీది న్యాయం అక్కడికి ఎలా అందుతుంది?

మొదటి సీజను చేసి వచ్చింది. రెండు సీజన్లు చేసినవాళ్ళనే పెద్ద ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలుస్తారట. అమ్మాయి ఆశంతా ఆ రెండో పిలుపు మీదే.

ఈలోగా రాజోలు నుంచి సంబంధం వచ్చింది. కుర్రాడు స్కూలు మాస్టారు. వాళ్ళ నాన్నగారు రిటైరైన హెడ్మాస్టారు, అన్నిటికీ ముందుచూపు ఎక్కువ. పెళ్ళి తేదీ ఆయనే నిర్ణయించారు.

"ఆషాఢంలో పెట్టేద్దామండి. మనం క్రైస్తవులం, మనకి శూన్యమాసాలేవిటి? హిందువుల పెళ్ళిళ్ళుండవు కాబట్టి బ్యాండువాళ్ళు ఈగలు తోలుకుంటా ఉంటారు. వంటవాళ్ళూ అంతే. పిలిస్తే పరిగెట్టుకొస్తారు."

"మరి ఉద్యోగం పిలుపు?" అన్నాడు తమ్ముడు.

"పోయినేడు ఆషాఢం వెళ్ళేకే కదండీ పిలిచేరు. సార్వా వరి ఎప్పుడు పడుద్దో మనకి తెలీదా? ఇదీ అంతే."

ముహూర్తం అక్కర్లేదు గాని ఆషాఢం మాత్రం కావాలి. పంచాంగంలో మాకు పనికొచ్చే పేజీ అదొక్కటే. కాకపోతే ఆ పంచాంగంలోనే పోయినేడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. అధికమాసం. దాంతో ఈ ఏడాది మన ఆషాఢం ఆలస్యంగా వచ్చింది. మక్కావారి లెక్కలో అధికమాసం లేదు కాబట్టి హజ్ పోయినేటికంటే ఇంకాస్త ముందే వచ్చి, విమానాల సీజను ఆషాఢంలోనే మొదలైంది. వరి సీజను ఎండనీ వాననీ చూసుకుని వస్తుంది, ఈ సీజను చంద్రుణ్ణి తప్ప ఎవరినీ చూడదు. శుభలేఖలు పంచడం అయ్యాక టెలిగ్రాం వచ్చింది. వెంటనే వచ్చి చేరమని.

హెడ్మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"మూణ్ణెల్ల ముచ్చట ముఖ్యమా, పెళ్ళి ముఖ్యమా?"

అమ్మాయి ఆయన ముందు కాఫీ పెట్టింది. విమానంలో నేర్పిన పద్ధతిలోనే, గ్లాసు చప్పుడు కాకుండా.

"పెళ్ళి మానేస్తాననట్లేదు మావయ్యగారూ. ఇప్పుడెళ్ళకపోతే నా పేరు తీసేస్తారు. హజ్‌కి వెళ్ళేవాళ్ళని దింపేసేక, తిరిగొచ్చేవాళ్ళని తెచ్చేలోగా మాకు వారం సెలవుంటుంది. అప్పుడు చేసెయ్యండి."

"వారంలోనా? ఎప్పుడది?"

"శ్రావణంలోనండి."

ఆయన కాఫీ తాగడం ఆపేశారు. "శ్రావణంలో బ్యాండు దొరకదమ్మా."

పెళ్ళికొడుకు అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "బ్యాండుతో కాపురం చెయ్యను కదా నాన్నగారూ" అన్నాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు రావడం అదే మొదలు.

అమ్మాయి బొంబాయి వెళ్ళింది, సెలవులో వచ్చింది, పెళ్ళి జరిగింది. హెడ్మాస్టారు చెప్పినట్టే బ్యాండు దొరకలేదు. పాస్టరుగారు ప్రమాణాలు చేయిస్తుండగా బయట రోడ్డు మీద ఎవరిదో ఊరేగింపు వచ్చింది. క్లారినెట్టు మోతకు అమ్మాయి ఒప్పుకుందో లేదో వెనక వరసల వాళ్ళకు వినబడలేదు. మేళం దాటిపోయేదాకా పాస్టరుగారు ఆగి, మళ్ళీ అడిగారు.

"చూసేరా, బ్యాండు కూడా వచ్చింది. పైగా ఊరికే" అన్నారు హెడ్మాస్టారు నా చెవిలో.

అమ్మాయి పెళ్ళిచీర మడతపెట్టి, కంపెనీ చీర కట్టుకోవడానికి తిరిగి బొంబాయి వెళ్ళిపోయింది. రావులపాలెం దాకా కుర్రాడు వెళ్ళి బస్సెక్కించి వచ్చాడు.

రెండో సీజను పూర్తయ్యాక ఇంటర్వ్యూకి పిలిచారు. నెగ్గింది. కొత్త కాగితం వచ్చింది. పాతదానిలాగే ఉంది. మూడు నెలలని ఉన్నచోట ఆరు నెలలని ఉంది, అంతే తేడా.

వచ్చినవాళ్ళు మళ్ళీ అడిగారు, పర్మనెంటేనా అని.

"ఆయ్, సగం అయిందండి" అన్నాడు మా తమ్ముడు.