వూహాన్ సరస్సూ, నా ఈతా

సౌదీ యాన్బులో శుక్రవారం జుమా నమాజు అయ్యి, బిర్యానీ తిన్నాక, మా గదిలో ఆరుగురం ఆరు గోడల వైపు తిరిగి పడుకుంటాం. గదికి నాలుగే గోడలు కదా అనకండి. మంచాలు రెండంతస్తులవి, పైవాళ్లకు కప్పు కూడా గోడే. ఎవరి ఫోను వాళ్లది. నాది పది నిమిషాల్లో అయిపోతుంది.

"తిన్యారా?" అంటుంది మా ఆవిడ.

"తిన్యా."

"ఆడ ఎండ ఎట్లుంది?"

"ఎండ మాదిరే ఉంది."

తర్వాత కాసేపు ఒకరి ఊపిరి ఒకరం విని పెట్టేస్తాం. సాయంత్రం దాకా ఇంకా బోలెడు దినం మిగిలి ఉంటుంది.

మొదట్లో దాన్ని కథలతో గడిపేవాణ్ణి. ఎనిమిదేళ్లలో గదిలోవాళ్లు అన్నీ వినేశారు. ఒకరోజు కర్నూలు డ్రైవరు దుప్పటి తీయకుండానే అన్నాడు: "మామా, నీ కథలో మొసలి పోయిన రంజానుకు పది అడుగులుండె. ఇప్పుడు పద్దెనిమిదైంది. నువ్వేమన్నా మేపుతాండావా దాన్ని?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరూ కథ అడగలేదు.

ఆ ఏడే మా పంపుల షెడ్డుకు చైనా ఆయన వచ్చాడు. వాళ్ల దేశం యంత్రాలు బిగించే పని, ఏడాది కాంట్రాక్టు. నా వయసువాడే, చెరుకుగడలాంటి మనిషి. అరబ్బీలో అతనికి రెండే మాటలు వచ్చు: సదీక్ అంటే స్నేహితుడు, ఖలాస్ అంటే అయిపోయింది. ఆ రెంటితో పంపు బిగించవచ్చు గానీ సాయంత్రం గడపలేం. అందుకని మధ్యలో ఫోను పెట్టుకునేవాళ్లం. అతను చైనీసులో మాట్లాడితే ఫోనులోని ఆడగొంతు తెలుగులో చెప్పేది. ఆమెది రేడియో వార్తల తెలుగు. నా కదిరి మాట ఆమెకు మింగుడుపడదు. కాబట్టి నేనూ వార్తలు చదివినట్టే మాట్లాడేవాణ్ణి.

శుక్రవారాలు అతనికీ ఎవరూ లేరు. అసర్ నమాజు దాటాక ఇద్దరం సముద్రం దగ్గరికి పోయేవాళ్లం. అతను ప్యాంటు మడిచి నీళ్లలో కాళ్లు పెట్టి, ఒక చుక్క నాలుకకు రాసుకుని మొహం చిట్లించేవాడు. ప్రతి వారం అదే పని, ఈ వారమైనా తియ్యగా మారిందేమో చూసినట్టు.

అతనిది వూహాన్. ఆ మహానగరం లోపలే తూర్పు సరస్సు అని ఒక మంచినీటి సరస్సు ఉందట. బొమ్మలు చూపించాడు. మంచు పట్టిన పొద్దున అవతలి ఒడ్డు కనబడదు. నీళ్ల మధ్యలో పొడుగాటి కట్టలు, వాటి మీద సైకిళ్లు, ఒక పక్క కొండ. వేసవిలో తామరలు, చలికాలంలో ఆకు లేని కొమ్మలకు పూలు. ఆ చలిలోనే ముసలాళ్లు చొక్కాలు విప్పి నీళ్లలోకి దిగుతారు. తనూ చిన్నప్పటినుంచి అందులోనే ఈదాడట. "నేను అక్కడ లేనప్పుడు కూడా ఆ నీరు నా చెవులలో ఉంటుంది" అని ఆడగొంతు చదివింది.

చెప్పి, ఫోను నావైపు జరిపాడు. మీ ఊళ్లో ఏముంది అని.

మా ఊరి చెరువులో నీళ్లకన్నా తుమ్మచెట్లు ఎక్కువ. అది నిండగా నేను చూసింది రెండుసార్లు, అదీ గట్టు మీద నిలబడి. కానీ అతను చెవి ముందుకు వంచి కూర్చున్నాడు. చాన్నాళ్లకు ఒక మనిషి నా మాట కోసం కాచుకుని ఉన్నాడు. తుమ్మచెట్ల గురించి చెప్పి పంపించేయలేకపోయాను.

మా చెరువు చుట్టి రావడానికి మూడు రోజులు పడుతుందన్నాను. చేపలకు మీసాలు నెరిసి ఉంటాయన్నాను. ఒక వరదలో మేకను వీపున కట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదానన్నాను. మొసలి జోలికి పోలేదు, అంత బుద్ధి ఉంది.

అతను నా వీపు వైపు ఒకసారి, నీళ్ల వైపు ఒకసారి చూశాడు. "మేక బరువు ఎంత?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నేను పడిపోయాను. గదిలోవాళ్లు నవ్వేచోట ఇతను లెక్క వేస్తున్నాడు. ఆపైన ప్రతి శుక్రవారం నా ఈత పెరుగుతూ పోయింది. నిజం తెలిస్తే ఇతనూ దుప్పటి కప్పుకుంటాడు, నాకు ఆ ఒక్క చెవీ పోతుంది. అదే భయం.

కాంట్రాక్టు ముగిసే వారం వచ్చింది. ఫోను ఇలా చదివింది: "ఇది నా చివరి శుక్రవారం. దయచేసి మీరు నాతో కలిసి నీటిలో ఈదండి. మంచి ఈతగాడితో ఈదాలని నా కోరిక."

గదికి పోయి నిక్కరు వెతుకుతుంటే డ్రైవరు లేచి కూర్చున్నాడు. "యాడికి మామా?"

"ఈతకు."

"నువ్వా? బకెట్టులో చెంబు ముంచాలన్నా భయపడతావే."

"నోర్ముయ్‌రా."

"పోనీలే, మునిగేముందు ఇకామా కార్డు ఒడ్డున పెట్టిపో. ఎవరు పోయిందీ మాకు తెలియద్దా?"

నడుం దాకా బాగానే పోయాను. ఛాతీ దాకా వచ్చేసరికి కాలికింద ఇసుక జారింది. ఫోను ఒడ్డున చెప్పుల మీద ఉంది. కొత్త అబద్ధం చెప్పడానికీ వీల్లేదు, నిజం ఒప్పుకోడానికీ లేదు. నా చేతులు అతని భుజాన్ని పట్టుకుని వదల్లేదు. అంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు.

అతను నవ్వలేదు. నా మొహంలోకి చూసి, వెనక్కి వాల్చి, వీపు కింద అరచెయ్యి పెట్టాడు. ఏదో అనబోతే ఉప్పునీళ్లు నోట్లోకి పోయాయి. తన పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. నోరు మూసుకున్నాను. కాసేపటికి పైన ఆకాశం ఒక్కటే ఉంది, కింద ఆ చెయ్యి.

ఒడ్డున ఆరిపోతూ కూర్చున్నాం. ఇక లేచి పోతాడనుకున్నాను. ఫోను తుడిచి ఏదో అన్నాడు. "ఉప్పు నీరు మనిషిని మోస్తుంది. మా సరస్సు మోయదు, అక్కడ మీరే ఈదాలి. వస్తే నేర్పుతాను."

మంగళవారం అతని ఫైనల్ ఎగ్జిట్, మళ్లీ రాని ప్రయాణం. నేను డ్యూటీలో ఉన్నాను.

రెండు నెలలకు ఒక శుక్రవారం వీడియో పంపాడు. తూర్పు సరస్సు, పొగమంచు, కట్ట మీద సైకిలు గంట. కింద తెలుగులోకి మార్చిన వాక్యం: "మీరు ఈదుతున్నారా?"

ఆ మధ్యాహ్నం నేను సముద్రంలోంచే వచ్చి ఒడ్డున కూర్చుని ఉన్నాను. ఈజిప్టు దాకా ఈదివచ్చాననీ, కస్టమ్స్‌వాళ్లు ఆపితే తడిబట్టలు చూపించాననీ టైపు చేశాను. బాగా కుదిరింది. చదువుకుని నాకే నవ్వొచ్చింది. అతను చదివితే ఎంతసేపు పట్టిందని అడుగుతాడు.

చెరిపేశాను.

"నడుం దాకా పోతున్నాను. అక్కడ నిలబడి వచ్చేస్తున్నాను. వీపు కింద చెయ్యి పెట్టేవాళ్లు ఎవరూ లేరు" అని రాసి పంపాను. రాయడానికి ఇంత సేపు పట్టిన మాట నా జన్మలో ఇంకొకటి లేదు.

అక్కడ అప్పటికే చీకటి పడి ఉంటుంది. జవాబు రాలేదు. ఫోను చెప్పుల మీద పెట్టి, నిక్కరు ఇంకా ఆరలేదు కదా అని, మళ్లీ నీళ్లలోకి దిగాను.