రిహార్సల్ లేనిదే కదలని మా బావ

మా బావ ఏ పనైనా రెండుసార్లు చేస్తాడు. మొదటిసారి రిహార్సల్, రెండోసారి అసలు పని. రెండిట్లో మొదటిదే బాగుంటుంది, ఎందుకంటే రెండోదానికి వచ్చేసరికి చుట్టుపక్కల ఎవరికీ ఓపిక మిగలదు. ఆయన పోస్టాఫీసులో గుమాస్తా, సాయంత్రాలు స్కౌట్ మాస్టరు, మిగతా వేళల్లో మా అక్కకి మొగుడు. ఈ మూడిట్లో దేన్నీ రిహార్సల్ లేకుండా చేసిన పాపాన పోలేదు.

పన్ను పీకించుకోవాలంటే ముందురోజే ఇంట్లో కుర్చీ వెనక్కి వాల్చుకుని పడుకుంటాడు. అక్క గరిటె పట్టుకుని పళ్ల డాక్టరు అవుతుంది.

"నొప్పిగా ఉందా?"

"చచ్చేంత."

"నేనింకా ముట్టుకోలేదండీ."

"రేపు ముట్టుకుంటాడుగా. నన్ను అలవాటు పడనీ."

మర్నాడు ఆస్పత్రి గుమ్మంలోనే నోరు తెరిచేశాడట. పిలుపు వచ్చేదాకా అలాగే తెరుచుకుని కూర్చున్నాడు. పక్కనున్నావిడ, పాపం, ఈయన దవడ పట్టేసిందనుకుని తన వంతు ఇచ్చేసింది.

ఇల్లు మారినప్పుడు మరీ దారుణం. ముందురోజు మమ్మల్నందరినీ పిలిచి, సామానంతా వీధి గుమ్మంలోంచి బయటికి మోయించి, సందు చుట్టూ తిప్పించి, పెరటి గుమ్మంలోంచి మళ్లీ అదే ఇంట్లో పెట్టించాడు. "ఏది ఎక్కడ తట్టుకుంటుందో తెలిసిపోయింది కదా!" అన్నాడు చెమట తుడుచుకుంటూ. తెలిసింది. బీరువా కాలు ఎక్కడ విరుగుతుందో కూడా తెలిసింది, అప్పటికే విరిగింది కాబట్టి. మర్నాడు అసలు లారీ వచ్చేసరికి నేను నడుముకి పట్టీ వేసుకుని మంచం మీదున్నాను. "రిహార్సల్ లేకపోతే నీ నడుం సరిగ్గా పనున్న రోజే పట్టేసేది కదా బావమరిదీ!" అని నన్ను ఓదార్చడానికి వచ్చాడు. వచ్చిన మనిషి కూర్చోకుండా బీరువా దింపడానికి ఇంకెవరున్నారని అడిగి వెళ్లిపోయాడు.

ఒకసారి పై అధికారిని జీతం పెంచమని అడగాలనుకున్నాడు. అక్కని అధికారి కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మీరు రోజూ ఆలస్యంగా వస్తారు కదా?" అంది అక్క.

"వస్తాను మేడమ్."

"వచ్చాక కూడా పక్కవాళ్ల పనులన్నీ నెత్తినేసుకుని మీ పని వదిలేస్తారు కదా?"

"నిజమే మేడమ్."

"మరి ఎందుకు పెంచాలి?"

బావ కట్టుకున్న చేతులు విప్పేసి, న్యాయంగానే ఉందన్నాడు. ఆఫీసులో ఇప్పటికీ అడగలేదు. అక్క ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నెత్తి కొట్టుకుంటుంది.

ఇలాంటి మనిషిని స్కౌట్ మాస్టర్ని చేసినవాళ్లెవరో నాకు తెలియదు, తెలిస్తే ఊరుకునేవాణ్ణి కాదు. అడవిలో క్యాంపు అంటే ముందు ఆయన హాల్లో క్యాంపు. సోఫాల మధ్య గుడారం వేయించి, మొక్కలకి నీళ్లు పోసే డబ్బాతో దాని మీద వాన కురిపిస్తాడు. ఉరుములు అక్క పళ్లెంతో కొట్టాలి. అసలు క్యాంపులో ఎండ కాసింది. పిల్లలు బతికిపోయారు, ఈయన మాత్రం వాన రాలేదని రెండు రోజులు మొహం వేలాడేసుకున్నాడు.

సరిగ్గా ఈ మహానుభావుడి చేతికే మా అమ్మాయి చిక్కింది. దానికి నోట్లో మాట నోట్లోనే ఉంటుంది. భోజనాల దగ్గర ఉప్పు అడిగితే పక్కనున్నవాళ్లకి కూడా వినపడదు. స్కౌట్లలో దాన్ని "గుసగుస" అంటారు. ముళ్లు వేయడంలో, మ్యాపు గీయడంలో, తడి కట్టెలతో మంట పెట్టడంలో దాన్ని కొట్టేవాళ్లు లేరు. ఉన్న బ్యాడ్జీలన్నీ దాని చొక్కా మీదే ఉన్నాయి. మిగిలింది అన్నిటికంటే పై బ్యాడ్జి ఒక్కటి. దానికో సేవా ప్రాజెక్టు చేయాలి. ఆలోచన పిల్లదే కావాలి, అనుమతి పిల్లే తెచ్చుకోవాలి, తోటి పిల్లల చేత పిల్లే చేయించాలి. పెద్దవాళ్లు నోరు మెదపకూడదు. ఇదంతా పద్దెనిమిదేళ్లు నిండేలోపు అవ్వాలి. మా అమ్మాయికి ఆ వేసవితో నిండుతాయి.

ఆలోచన మాత్రం చక్కగా వచ్చింది దానికి. అంతకుముందు మా అమ్మ కళ్లు చూపించుకోవడానికి పెద్దాస్పత్రికి వెళ్లి, దారి తప్పి, ఎముకల డాక్టరు గది ముందు పూటంతా కూర్చుని, మోకాళ్లకి మందు రాయించుకుని వచ్చింది. అందుకని ఆస్పత్రి నేల మీద రంగు గీతలు గీయాలనుకుంది అమ్మాయి. చీటీలిచ్చే కిటికీ దగ్గర మొదలై, ఎర్ర గీత రక్తపరీక్షకి, నీలం గీత ఎక్స్‌రేకి, పసుపు గీత కళ్ల గదికి. చదువురానివాళ్లు కూడా గీత పట్టుకుని నడిచిపోవచ్చు.

అనుమతి కోసం పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. "ఏం కావాలమ్మా?" అన్నాడాయన. "ఏం లేదు సార్" అని వచ్చేసింది. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుంది. ఇంక స్కౌటూ వద్దు, బ్యాడ్జీ వద్దంది. వాళ్లమ్మ బతిమాలింది, నేను బతిమాలాను. దుప్పటి కదల్లేదు.

అప్పుడు దిగాడు మా బావ. "రిహార్సల్ లేకుండా ఎవరు వెళ్లమన్నారే నిన్ను?" అని దుప్పటి లాగేశాడు.

మర్నాటికి అక్క ఇల్లు ఆస్పత్రైపోయింది. వరండా చీటీల కిటికీ, వంటిల్లు ఎక్స్‌రే, స్నానాల గది రక్తపరీక్ష, పెరడు కళ్ల గది. అక్క ఏ స్వెట్టరు కోసమో కొనుక్కున్న ఊలు ఉండలన్నీ నేల మీద గీతలయ్యాయి. నేను కాలు విరిగిన రోగిని. కుంటుతూ నీలం ఊలు పట్టుకుని వంటింట్లోకి వెళ్తే, "మెల్లిగా! మీ కాలు విరిగింది, ఆకలేసి వచ్చినట్టు పరిగెత్తకండి!" అని కేకలేశాడు. మా అమ్మ పసుపు ఊలు వెంట బయల్దేరి స్నానాల గదిలో తేలింది.

అమ్మాయి ఏదో అంది.

"ఎవరో ఏదో అన్నట్టున్నారు, నాకేం వినపడలేదే!" అన్నాడు బావ, పైకప్పు వైపు చూస్తూ.

"నానమ్మకి పసుపు కనపడట్లేదు మామయ్యా."

"ఈ ఇంట్లో దోమలు ఎక్కువయ్యాయి. గుయ్యిమంటున్నాయి."

"నానమ్మకి పసుపు కనపడట్లేదు! తెల్లటి నేల మీద పసుపేంటి! కళ్లు సరిగ్గా లేనివాళ్ల గీత అన్నిటికంటే ముదురు రంగు ఉండాలి!"

"ఆ, అలా చెప్పు" అని పసుపు తీసేసి నల్ల ఊలు పరిచాడు. పిల్ల నోరు నొప్పెట్టేలా అరిపించి ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం దువ్వుకున్నాడు కూడా.

అది చాలక ఆ సాయంత్రం నుంచి ఆయనే పెద్ద డాక్టరు అవతారమెత్తాడు. భోజనాల బల్ల వెనక కూర్చుని, మెళ్లో తువ్వాలు వేసుకుని, పిల్లని వరండాలో నిలబెట్టేవాడు. ఎంతసేపటికీ పిలవడు. పిలిచాక తలెత్తడు. "గీతలా? ఇది ఆస్పత్రా, ఆటస్థలమా? నేల పాడవుతుంది. రంగు కాళ్లకి అంటుకుంటుంది. నీ మొహానికి ఇంకేం పని లేదా? రేపు రా!" మర్నాడు వెళ్తే, "ఎవరు నువ్వు? నిన్నెప్పుడూ చూడలేదే!" మొదటి రోజు అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు మాత్రం ఏడవలేదు, పళ్లు కొరుకుతూ వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. మేము కన్న పిల్లని మేము ఒక్క మాట అనం. ఈయనెవరు దోమ అనడానికి?

ఆదివారం పొద్దున్నే కడిగేద్దామని బయల్దేరాను. దారంతా ఏమనాలో అనుకుంటూనే వెళ్లాను. అక్క ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే వంటింట్లోంచి బావ గొంతు ఖంగుమంది.

"నీలాంటి దండగ పిల్లని నేనెక్కడా చూడలేదు! పో బయటికి!"

అమ్మాయి అప్పుడే వచ్చేసిందేమో అనుకుని లోపలికి తొంగిచూశాను. వంటింట్లో అక్క ఒక్కతే ఉంది. స్కౌట్ స్కార్ఫు మెడకి కట్టుకుని, చేతులు కట్టుకుని, మా అమ్మాయిలా తల దించుకుని నిలబడి ఉంది.

"ఎక్కువైందా?" అన్నాడు బావ.

"ఎక్కువైంది. దండగ అనకండి. పిల్ల గుండెలో ఉండిపోతుంది."

"పోనీ, 'నీలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను' అంటే?"

"అది ఫర్వాలేదు. దానికి కోపం వస్తుంది గానీ ఏడుపు రాదు."

"దోమ అన్నానే, అది?"

"దోమకి నవ్వుకుంది లెండి, వెళ్తూ వెళ్తూ. ముందు మీరు భోజనం చేయండి. దాన్ని తిట్టిన రాత్రల్లా కంచం తోసేస్తున్నారు. ఆ డాక్టరెవరో గానీ మీ కంటే మంచివాడే అయ్యుంటాడు."

"అవ్వాలనే కదే నా బాధ! నాకంటే చెడ్డవాడు మాత్రం దానికి తగలకూడదు" అన్నాడు బావ. నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, "మళ్లీ మొదటినుంచీ చేద్దాం. నువ్వు తలుపు దగ్గర్నుంచి రా" అన్నాడు.

మేనకోడల్ని తిట్టడానికి కూడా రిహార్సల్ చేసుకునే మనిషిని ఏమని తిట్టాలి? నా కళ్లు చెమర్చిన మాట నిజమే గానీ, అక్కడే నిలబడితే నన్ను కూడా పిలిచి ఏ బంట్రోతు వేషమో కట్టిస్తాడని భయమేసి, చప్పుడు చేయకుండా చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

అసలు రోజు రానే వచ్చింది. అప్పటికి పుట్టినరోజు దగ్గర పడింది. ఇవాళ కూడా "ఏం లేదు సార్" అని వచ్చేస్తే బ్యాడ్జి ఆశ వదులుకోవాల్సిందే. బావ ఆ వయసులో నిక్కరు, మోకాళ్లదాకా మేజోళ్లు, బొజ్జ మీద బెల్టు బిగించుకుని వచ్చాడు. చూసిన రోగులు నొప్పులు మర్చిపోయారు. అమ్మాయి లోపలికి వెళ్లింది. బంట్రోతు తలుపు ఓరగా వదిలేశాడు. మేమిద్దరం గోడకి అతుక్కుపోయాం.

"రామ్మా, కూర్చో" అన్నాడు పెద్ద డాక్టరు.

బావ మొహం పాలిపోయింది. "ఇదేంటి, కూర్చోమంటున్నాడు! ఇది మనం చేయలేదే!"

"ఫర్వాలేదు సార్, నిలబడే చెబుతాను" అంది అమ్మాయి. ఆ మాట తలుపు దాటి మా దాకా వచ్చింది. గీతలన్నీ చెప్పింది, నల్ల గీత ఎందుకో కూడా చెప్పింది.

"బాగుందమ్మా. నాకు నచ్చింది."

అయినా అమ్మాయి వదల్లేదు: "సార్, నేల పాడవుతుందని మీరు అనలేదు."

"అనాలా?"

"అంటే నా దగ్గర సమాధానం ఉంది సార్."

"అయితే అంటున్నాను. నేల పాడవుతుంది కదా?"

"పాడవదు సార్. మా అత్తయ్య హాల్లో పూసి, ఆరాక గీకి చూశాం. రంగు పోయింది, నేల ఉంది. కాళ్లకి కూడా అంటుకోలేదు. నా మొహానికి ఇంకో పని కూడా ఉంది సార్, పరీక్షలకి చదువుతున్నాను."

"నీ మొహం గురించి నేనేం అనలేదే!" అన్నాడు డాక్టరు కంగారుగా. తర్వాత నవ్వాడు. "సరే, నేనో మాట అడుగుతాను. వచ్చే ఏడాది ఎక్స్‌రే గదిని పై అంతస్తుకి మారుస్తున్నాం. నీ నీలం గీత మెట్లెలా ఎక్కుతుంది?"

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇది కూడా చేయలేదు బావమరిదీ" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ. నాకు దుప్పటి ముసుగు కళ్లముందు కనపడింది. ఇక తలుపు తెరుచుకుని తల దించుకుని వచ్చేస్తుందనుకున్నాను.

"తెలీదు సార్" అంది అమ్మాయి గట్టిగా. "ఇవాళ తెలీదు. పిల్లలందరం కలిసి మెట్లు చూసి, ఆలోచించుకుని రేపొచ్చి చెబుతాను. ఎన్నింటికి రమ్మంటారు?"

"పదింటికి రా. ఆ ఒక్కటీ తేల్చుకుని వస్తే సంతకం పెట్టేస్తాను, ఎల్లుండి నుంచి రంగులు మొదలుపెట్టుకోవచ్చు."

మా బావ తన జన్మలో మొదటిసారి రిహార్సల్ లేకుండా ఒక పని చేశాడు. "శభాష్!" అని ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచాడు.

ఎదురు వార్డులోంచి నర్సమ్మ విసురుగా వచ్చింది. "ఎవరండీ ఆ అరుపు? బుద్ధుందా? లోపల మనుషులు నిద్రపోతుంటే!" ఇన్నాళ్లూ పెద్ద డాక్టర్లా పిల్లని దబాయించిన మనిషి, రిహార్సల్ లేని తిట్లు తగిలేసరికి, నిక్కరులో నిలబడి మేజోళ్లు పైకి లాక్కున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నాకు పండగలా ఉంది.

తలుపు తెరుచుకుని అమ్మాయి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"తిట్టకండి సిస్టర్! ఈయన మా మామయ్య! నా కోసమే అరిచాడు! ఇంకోసారి అరవడు, పూచీ నాది!"

"సరేలే" అంది నర్సమ్మ, చెవి రుద్దుకుంటూ. "ముందు నువ్వు కాస్త గొంతు తగ్గించమ్మా తల్లీ, వార్డు చివరిదాకా వినపడుతోంది."

అమ్మాయి బిత్తరపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నర్సమ్మ గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. బావ కళ్లజోడు తీసి స్కార్ఫుతో తుడుచుకుని, ఆవిడ వెళ్లిన వైపే చూస్తూ నా మోచేతిని పొడిచాడు.

"ఆ మాట ఇంకొక్కసారి అనమని అడుగుదామా బావమరిదీ?"