నైరుతి తలుపు

మా ఊరి తుపాను షెల్టరుకు తలుపు ఎటు ఉండాలో ఒక కెనడా దేశపు చిత్రకారుడు తేల్చాడు. దాన్ని మార్చింది మా సర్పంచి. పోయిన తుపానులో మా ఇంటామె ప్రాణం ఈ ఇద్దరి మధ్యా ఊగులాడింది. అందుకే రాస్తున్నాను.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నాకు పాతికేళ్లు ఉంటాయేమో. అంతకుముందే ఒక తుపాను సగం ఊరిని ఊడ్చుకుపోయింది. పక్కా భవనం ఒకటి కట్టించాలని ఒక సహాయ సంఘం వాళ్లు ఆయన్ని పంపారు. పెద్ద ఆర్కిటెక్టు అన్నారు. మనిషి చూస్తే పొద్దున్నే ఒడ్డున గొడుగు పాతుకుని, మొగలి పొదల ముందు గొంతుక్కూర్చుని రంగులు కలుపుకుంటున్నాడు.

"కట్టడం కట్టమని పంపితే బొమ్మలేస్తుండాడే! ఈయనకి కూలి ఎవురిస్తారబ్బా?" అని మా చిన్నాయన నవ్వాడు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పొట్లాలు కట్టిన ఇంగ్లీషు కాగితాలు, ఒక చిరిగిన నిఘంటువు, అవే నా పంతుళ్లు. ఆ వచ్చీరాని ఇంగ్లీషుతో ఆయన పక్కన చేరాను. ఆయన గీసేది సముద్రాన్ని కాదు, ఇసుకను. ప్రతి పొద వెనకా, ప్రతి గుడిసె వెనకా గాలి పోసిన మేట ఎటు సాగిందో అదే గీసేవాడు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో మంచు మేటల్ని అలాగే గీశాడట. తండ్రి పడవలు చేసే వడ్రంగి. కొడుకు చిత్రకళ నేర్చుకుంటే ఆ బొమ్మలు ఎవరూ కొనలేదు. కడుపు కోసం భవనాల చదువు చదివాడు. మంచు ఊళ్లలో రెండు బడులు, ఒక గ్రంథాలయం, చేపలు పట్టేవాళ్లకు ఒక ప్రార్థన మందిరం కట్టాడు. ఏది కట్టినా ముందు ఆ చోట కూర్చుని నెలల తరబడి బొమ్మలు వేయాల్సిందే. పని ఇచ్చినవాళ్లు విసిగిపోయి ఇంకొకరిని చూసుకునేవాళ్లట. ఆ మాట చెప్పి ఆయనే నవ్వాడు.

"తుపాను గాలికి మొహం ఉంటుంది, వీపు ఉంటుంది. తలుపు వీపు వైపు పెట్టాలి" అని ఇసుకలో పుల్లతో గీసి చూపించాడు. సముద్రం వైపు, ఈశాన్యాన, గుండ్రంగా తిరిగిన గుడ్డి గోడ. నైరుతిలో తలుపు. నైరుతి వాకిలి మంచిది కాదని అప్పుడూ గొణిగారు. కానీ చచ్చిపోయినవాళ్లు అందరికీ కళ్లలో మెదులుతున్న రోజులవి. ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేదు.

చాలా ఏళ్లకు, ముసలివాడై మళ్లీ ఒకసారి వచ్చాడు. భవనాలు మానేశానని చెప్పాడు. ఆయన కట్టిన బడి గోడలు పడగొట్టి ఏవేవో మార్చారట. "కట్టినదాన్ని జనం మారుస్తారు, గీసినదాన్ని మార్చరు. ఇప్పుడు గీయడమే" అన్నాడు. మా ఊళ్లో ఏదీ మార్చలేదు చూడమని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. తలుపు రెక్కను అరచేత్తో తడిమి చూశాడు. ఆయన పోయిన సంగతి మా మనవరాలు ఫోనులో చూపిస్తే తెలిసింది. బొమ్మలు అక్కడి మ్యూజియంలో వేలాడదీశారట. వాటిలో మా ఇసుక మేటలూ ఉన్నాయి. కింద మా ఊరి పేరు మాత్రం లేదు, దక్షిణ భారతదేశపు తీరం అని రాసుంది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

ఇక మనవాళ్ల ఘనకార్యం. రొయ్యల గుంటలకు తెగులు తగిలిన ఏడాది, సర్పంచి వాస్తు చెప్పే ఆయన్ని పిలిపించాడు. ఊరికి అరిష్టమంతా ఆ నైరుతి వాకిలేనని తేలింది. తలుపు పీకేసి ఇటుకలతో మూయించాడు. ఈశాన్యం గోడ పగలగొట్టి రెండు రెక్కల ఇనుప తలుపు పెట్టించాడు.

"గాలి వచ్చేదే ఆ పక్క నుంచి కదరా!" అని అరిచాను.

"ఈశాన్యం ఈశ్వరుడి దిక్కు తాతా. ఆ తెల్లాయన మాట ఇంకా పట్టుకోనుండావా?" అన్నాడు సర్పంచి.

"ఈశ్వరుడి దిక్కని గాలికి చెప్పినావా మరి?"

అందరూ నవ్వారు. ఇటుకలు మాత్రం అలాగే ఉన్నాయి.

పోయిన నవంబరులో తుపాను మాకు దక్షిణంగా తీరం దాటుతుందన్నారు. మధ్యాహ్నానికే ఊరంతా షెల్టరులో చేరింది. మా ఇంటామె "బర్రెల్ని విప్పేసి వస్తా, నువ్వు నడువు" అని వెనకబడింది. నేను లోపల అడుగు పెట్టిన కాసేపటికే గాలి అందుకుంది. ఇనుప తలుపు డప్పులా మోగుతోంది. గడియ వంగింది. బియ్యం బస్తాలు అడ్డం పెట్టి, మగవాళ్లు వీపులు ఆనించి నిలబడ్డారు. అప్పుడు బయట నుంచి తలుపు మీద చేతి దెబ్బలు, ఒక ఆడగొంతు.

"తియ్యండిరా, మా ఇంటామె!"

"తీస్తే మళ్లీ మూతపడదు తాతా!" సర్పంచి అరిచాడు. "లోపల పసిబిడ్డలుండారు."

అది నిజం. "పడమటి పక్కకి పోవే! వెనక్కి పోవే!" అని తలుపు సందులో నోరు పెట్టి అరిచాను. చేతి దెబ్బలు ఆగిపోయాయి. విన్నదో, గాలి లాగేసిందో తెలియదు.

మూలనున్న గడ్డపార తీసుకుని మూసేసిన నైరుతి వాకిలి మీద పడ్డాను. నాలుగు దెబ్బలకే ఊపిరి అందలేదు. పక్క నుంచి ఎవరో గడ్డపార లాక్కున్నారు. చూస్తే సర్పంచి. బలమంతా పెట్టి పొడిచాడు. రెండు ఇటుకలు బయటికి పడ్డాయి.

"మెల్లిగా కొట్టండ్రా, నా నెత్తిన పడతాండాయి!"

మా ఇంటామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నిలువునా తడిసింది, మోచేయి చీరుకుపోయింది. కానీ అక్కడ గాలి లేదు. వాన నిటారుగా పడుతోంది. కంత పెద్దది చేసి లోపలికి లాగారు.

తుపాను పోయాక మా పెరటి తలుపు ఊడదీసుకొచ్చి అక్కడ బిగించాను. "ఇంట్లోకి కుక్కలు దూరతాండాయి, నీ తలుపు పిచ్చి పాడుగాను" అని ఆమె రోజూ తిడుతోంది. మొన్న ఆ గోడ పక్కన కొత్త ఇటుకలు దించారు. దేనికని అడిగితే సర్పంచి, "ఏదో ప్రహరీకిలే తాతా" అని మొహం తిప్పుకున్నాడు. బంగాళాఖాతంలో మళ్లీ అల్పపీడనం అంటున్నారు. నేను రోజూ పొద్దున్నే కుర్చీ తీసుకెళ్లి ఆ ఇటుకల పక్కనే కూర్చుంటున్నాను.